రాజీనామా అంటే రాజీ అనుకున్నాను

అందరికీ రామ్ రామ్. వేదిక మీది పెద్దలకు, ఊళ్ల నుంచి, తండాల నుంచి మిర్చి ఏరుడు ఆపుకుని వచ్చిన అక్కలకు, అన్నలకు, ముందు వరుసలో కూర్చున్న భద్రమ్మ వదినకు నమస్కారం.

మన వీరస్వామి అన్న పోయి ఈ రోజుకు పదకొండు రోజులు. ముప్పై ఏళ్లు ఈ మండలంలో పార్టీ అంటే ఆయనే. పెళ్లికి పిలిస్తే వచ్చేవాడు, చావుకు పిలవకుండానే వచ్చేవాడు. ఈ రోజు మనమంతా ఆయన కోసం వచ్చాం.

నేను మైకు దగ్గరికి వస్తుంటే కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకో నాకు తెలుసు. నన్ను మండల పరిషత్ అధ్యక్షురాలి కుర్చీలో కూర్చోబెట్టింది ఈయనే. రెండున్నరేళ్లకు అందులోంచి దింపిందీ ఈయనే. ఇప్పుడు సుక్కి ఏం మాట్లాడుతుంది? పొగిడితే అబద్ధం, తిడితే పాపం. అంతే కదా మీ అనుమానం?

పోయినవాడి కళ్లు చారెడని సామెత. ఆ చారెడు కళ్ల లెక్క చెప్పడానికి నేను రాలేదు. మొన్న భద్రమ్మ వదిన మా తండాకు వచ్చి, మా నులక మంచం మీద కూర్చుని ఒక్కటే మాట అన్నది. "సుక్కీ, మంచిగనే చెప్పుమని నేను అడగ. ఉన్నది చెప్పు. నువ్వు చెప్పకుంటె ఇంకెవ్వలు చెప్పరు." వదినా, ఉన్నదే చెబుతాను.

మైకు దొరికితే నా మాట ఇట్లా పుస్తకంలా మారిపోతుంది. దానికి కూడా అన్న నవ్వేవాడు. "చెల్లె, మైకు ముంగట నిలవడితె నువ్వు రేడియో అయితవ్" అనేవాడు. ఆ రేడియోకు మైకు ఇచ్చింది ఎవరు? నేను తండాలో అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకు ఆట, పాట, గుడ్డు. అంతే నా లోకం. మండల అధ్యక్ష సీటు తండా ఆడబిడ్డకు వచ్చిందని ఆయనే మా ఇంటికి నాలుగుసార్లు తిరిగాడు. మా ఆయన ప్రేమ్‌సింగ్ వద్దన్నాడు, నేనూ వద్దన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

మొదటి సర్వసభ్య సమావేశం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మా ఇంటి భాష గోర్‌బోలి. భయంలో తెలుగు తడబడి, "పెద్దసారు వచ్చింది, రోడ్డు చూసింది" అన్నాను. హాలంతా గొల్లుమంది. ఒక అధికారి కండ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. వీరస్వామి అన్న లేచాడు. "నవ్వినోళ్లు జర లేచి గోర్‌బోలిల నాలుగు ముక్కలు మాట్లాడుండ్రి. మా చెల్లె కూసొని ఇంటది, మేము నవ్వుతం" అన్నాడు. ఒక్కరు లేవలేదు. ఆ రోజు నుంచి నేను ఎవరి ముందూ భయపడలేదు. అక్కలారా, అట్లాంటి అన్నను నేను ఎట్లా మరిచిపోతాను?

ఇక రెండోది చెప్పాలి.

మా తండా రోడ్డు ఎటు నుంచి పోవాలని గొడవైంది. ఉపాధ్యక్షుడు గణపతి అన్న రోడ్డు తమ ఊరి వైపు నుంచి పోవాలన్నాడు, నేను తండా మీదుగానే అన్నాను. రెండు వైపుల వయసు పిల్లలు కొట్టుకున్నారు, స్టేషన్‌లో కేసైంది. అప్పుడే పార్టీ పెద్దలు కుర్చీ గణపతికి ఇవ్వమన్నారు. వీరస్వామి అన్న నెల రోజులు నా వెంట పడ్డాడు. "పైనోళ్లు పట్టు వట్టిండ్రు, దిగిపో చెల్లె" అని. దిగను అన్నాను. పైనోళ్లు ఎవరూ తండాకు రాలేదు. వచ్చింది ఈయనే.

మీకు తెలుసు, మన దిక్కున స్టేషన్‌లో కేసు తెగితే రాజీ కుదిరిందని పెద్దలు ఒక కాగితం రాస్తారు. ఇరువైపులా సంతకాలు పెడతారు. దాన్ని మా తండాలో ఏమంటారు? రాజీనామా అంటారు. మా నాయిన తావుర్యా అట్లాంటివి ఎన్నో రాయించాడు. ఆ మాటకు చిన్నప్పటి నుంచి నాకు తెలిసిన అర్థం అది.

ఒకరోజు పొద్దున అన్న వచ్చాడు. "చెల్లె, రాజీనామా తెచ్చిన. సంతకం పెట్టు, లొల్లి ఒడుస్తది" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో! మా అన్న నా మాటకు దిగివచ్చాడు, కేసు తెగింది, పిల్లలు బయటపడ్డారు అనుకున్నాను. కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు పిల్లలకు నేర్పే అక్షరాలు వచ్చు, ఆ కాగితం చదివేంత రాదు. సంతకం పెట్టి, "గణపతి అన్న సంతకం ఏది?" అని అడిగాను. ఆయన కల్లంలో ఎండుతున్న మిరపకాయల వైపు చూశాడు. నేను ఇచ్చిన చాయ్ ముట్టకుండా లేచిపోయాడు.

నాలుగో రోజు పేపర్లో చూసుకున్నాను. అధ్యక్షురాలు సొంత ఇష్టంతో తప్పుకున్నారట.

గణపతి అన్నా, తల దించుకోకు. ఈ సంగతి నీకు తెలియదు. మా ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. నేను చెప్పుకోలేదు. ఎట్లా చెప్పను? టీచరమ్మకు రాజీనామా అంటే తెలియదా అని మళ్లీ హాలంతా నవ్వదా? ఈసారి లేచి నిలబడేవాడు ఎవరు? అది తలుచుకునే ఎక్కువ ఏడ్చాను.

మూడేళ్లు ఆయనతో మాట్లాడలేదు. ఆ మధ్యలో ప్రేమ్‌సింగ్ ట్రాక్టర్ మీద నుంచి పడి నడుము విరిగినప్పుడు, నేను ఫోన్ చేయకముందే అన్న జీపు తండాకు వచ్చింది. వరంగల్ దవాఖానలో తొమ్మిది రోజులు బయట బల్ల మీద కూర్చున్నాడు. రక్తం ఇచ్చాడు. పూటపూటకు భద్రమ్మ వదిన వండిన బువ్వ తెచ్చి, నా పక్కన పెట్టి, మళ్లీ పోయి అదే బల్ల మీద కూర్చునేవాడు. తప్పు కడుక్కుంటున్నాడు అనుకున్నాను. తర్వాత తెలిసింది, తరిగొప్పుల నుంచి వచ్చిన ముక్కు ముఖం తెలియని మనిషికి కూడా అదే బల్ల మీద కూర్చుని రక్తం ఏర్పాటు చేశాడని. ఆయన తీరే అది. ఏదైనా ఇచ్చేవాడు. నాకు రావలసిన ఒక్క మాట మాత్రం ఆయన నోట రాలేదు.

అదీ వచ్చింది. పోవడానికి మూడు రోజుల ముందు మానుకోట దవాఖానకు నన్ను పిలిపించాడు. చాలా చిక్కిపోయాడు. "చెల్లె, గా పొద్దు నువ్వేమనుకుంటున్నవో నాకు ఎరుకే. ఒక్క మాట చెప్తె సంతకం పెట్టకపోదువు. చెప్పలే. నన్ను మన్నిస్తవా?" అన్నాడు.

నేనేమన్నానో తెలుసా? "జర పండుకో అన్నా" అన్నాను. దుప్పటి సరిచేసి వచ్చేశాను. ఇంత కాలం నేను మోసుకున్నది, ఇంకో రెండు రోజులు ఆయన మోయనీ అనుకున్నాను. మళ్లీ వస్తాను కదా అనుకున్నాను.

పెద్దలారా, ఆయన మంచివాడా చెడ్డవాడా అని మీరు నన్ను అడుగుతారు. ఆయన చేసింది తప్పు. చచ్చిపోయినంత మాత్రాన తప్పు ఒప్పు కాదు. తండా ఆడదానికి చేతికి వచ్చిన పదవి, ఒక మాట చాటున లాక్కున్నాడు. అది ఈయన ఫొటో ముందే చెబుతున్నాను. మంచం మీద పడి ఉన్న మనిషి మన్నించమని అడిగితే జవాబివ్వకుండా వచ్చింది కూడా తప్పే. అది నాది. అది కూడా ఈ ఫొటో ముందే చెబుతున్నాను.

వీరస్వామి అన్నా, ఇగ నేను రేడియో లెక్క మాట్లాడ. కుర్చి పోయిందని నేను ఏడువలే. ఎరుకుండి నువ్వు సప్పుడు జెయ్యకపోతివి, గందుకు ఏడ్చిన. నువ్వు అడిగిననాడు నీ చెయ్యి వట్టుకోబుద్ధి అయింది, పట్టుకోలే. మన్నించిన అన్నా. నువ్వు ఇనంగ అనకపోతి. బతికినన్ని దినాలు నాకు గదే బాధ.

ఇప్పుడు రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. అన్న మీద కోపం తీరనివాళ్లు ఇంకా ఈ హాల్లో ఉంటారు. మీరు కూర్చునే ఉండండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. మిగిలినవాళ్లంతా లేవండి. వదినా, నీకు మోకాళ్ల నొప్పులు, నువ్వు లేవకు. నేనే కిందికి వచ్చి నీ పక్కన నిలబడతాను.