నాంచారమ్మ బండి మూత

నాంచారమ్మ అని ఒకావిడ, రంగులరాట్నం తిప్పే బ్రహ్మయ్య పెళ్ళాం. ఆవిడకి ఇల్లు లేదు, వాకిలి లేదు, ఉన్నదంతా ఒక పాత వ్యానే. అందులోనే వంట, అందులోనే పడక, ముగ్గురు పిల్లల్ని కన్నది కూడా అందులోనేనంట. రాట్నం గుర్రాలు పైన కట్టుకుని తిరునాళ్ళ తిరునాళ్ళకీ పోయేవాళ్ళు. ఆ బండి ఎంత పాతదంటే, అది పుట్టినప్పటికి రోడ్లు లేవు, అది తిరగబట్టే రోడ్లు పడ్డాయనుకో. అది పొగ వదిలితే కంభం చెరువు మీద కొంగలన్నీ నల్లబడిపోయి, మగకొంగలు గూటికెళితే ఎవడ్రా ఈ కాకి అని పెళ్ళాలే తరిమేశాయంట. నవ్వకండి, నేను తగ్గించి చెప్తున్నా.

ఏమైందంటే, ఆ ఏడు ఎర్రగుంటపాడులో పోలేరమ్మ తిరునాళ్ళ వచ్చింది. అక్కడొక కట్టుబాటుంది. గుడి ఎదురు చోటు ఎవరికీ రాసిచ్చింది కాదు. తిరునాళ్ళ ముందురోజు అక్కడ ఎవరి మేకు ముందు దిగితే ఆ ఏడు ఆ చోటు వాళ్ళది. అది దొరికితే ఏడాది తిండి దొరికినట్టే. దొరక్కపోతే మురిక్కాలవ పక్కన కూచుని ఈగల్ని గుర్రాలెక్కించి తిప్పుకోవాల్సిందే. రెండేళ్ళ బట్టీ ఆ చోటు ఓబులేసు పట్టుకుపోతున్నాడు. వాడిదీ రాట్నమే, కానీ వాడికి కొత్త లారీ ఉంది. ఈ ఏడు కూడా పోయిందంటే రాట్నం అమ్మేసి కూలికి పోదామే అన్నాడంట బ్రహ్మయ్య. ఆ మాటకి నాంచారమ్మ గుండెల్లో రాయి పడింది. గుర్రాలకి ఏటేటా కళ్ళు దిద్దేది ఆవిడే, ఎవరికని అమ్ముకుంటుంది చెప్పండి.

అందుకని బయల్దేరే ముందురోజు బండికి పూజ గట్టిగా చేసింది. ఎప్పుడూ పసుపు పూస్తుంది, దుమ్ములో పది మైళ్ళు పోయేసరికి అది రాలిపోతుంది. ఈసారి రాలకూడదని, ఊళ్ళో గోడలకి రాట్నం కాయితాలు అంటించడానికి కాచిన మైదా గంజి ఉంటే దాంట్లో పసుపు కలిపి మెత్తింది. దీపాలకి మెత్తింది, తలుపులకి మెత్తింది, పెట్రోలు టాంకీ మూతకి రొట్టె మందాన మెత్తింది. బండి తాగే నోరు కదా అని అక్కడ రెండు పూతలు ఎక్కువే వేసిందంట. ఎండకి అది ఎండి, రోకలితో కొట్టినా రోకలి విరిగేట్టుగా తయారైందనుకో.

పొద్దున్నే బయల్దేరారు. ఆరు మైళ్ళు పోయారో లేదో, బండి రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. దగ్గర్లోనే కరీముల్లా షెడ్డు. ఆయన చెయ్యి పెడితే చచ్చిన ఇంజను లేచి సలాం చేస్తుందని పేరు. ఆయనొచ్చి ముందు మూత తీసి టాంకీలో పుల్ల ముంచి చూశాడు, పెట్రోలు సగానికుంది. మూత పెట్టాడు, కార్బురేటర్ విప్పాడు, నోటితో ఊదాడు, బిగించాడు. తిప్పగానే బండి రయ్యిమంది. చెత్త అడ్డం పడిందమ్మా, పోయింది అన్నాడు. ఎందుకైనా మంచిదని బ్రహ్మయ్య ఆయన్ని కూడా ఎక్కించుకున్నాడంట. మళ్ళీ ఆరు మైళ్ళు, మళ్ళీ రెండు దగ్గులు, మళ్ళీ ఆగింది. మళ్ళీ పుల్ల ముంచాడు, ఈసారి పెట్రోలు పంపు విప్పి దులిపాడు, బండి కదిలింది. పంపేనమ్మా అన్నాడు. మళ్ళీ ఆరు మైళ్ళు. ఇంక కరీముల్లా తల పట్టుకుని, టాంకీలో తుప్పు పట్టుంటుంది, దించి కడగాలి, రెండ్రోజులు పడుతుంది అనేశాడు.

అప్పుడే ఓబులేసు లారీ పక్కనుంచి పోతూ ఆగింది. వాడు తల బయటపెట్టి, ఏం బ్రహ్మయ్య మావా, గుర్రాలు పైన కాదు, ముందు కట్టు, లాగుతాయి అన్నాడంట. అని తాపీగా మలుపులో ఉన్న హోటల్లో దోసెలకి కూచున్నాడు. వీళ్ళింక రారని వాడికంత ధీమా. పద్దెనిమిది దోసెలు తిన్నాడంట, చట్నీ లెక్కలేదు.

బ్రహ్మయ్య రోడ్డు మీద కూలబడిపోయాడు. నాంచారమ్మ మాత్రం నడుం మీద చేతులేసుకుని నిలబడింది. ఆవిడకి ఒకటే తిరుగుతోంది మనసులో. మొదటిసారి కార్బురేటర్ విప్పాడు, నడిచింది. రెండోసారి అది ముట్టుకోలేదు, పంపు విప్పాడు, నడిచింది. మరి రెండుసార్లూ చేసిందేమిటి? పుల్ల ముంచడం. పుల్ల ముంచాలంటే మూత తీయాలి. మూత తీసినప్పుడల్లా బుస్సుమని ఒక చప్పుడు కూడా ఆవిడ విన్నది.

"కరీముల్లా భాయ్, ఈసారి ఏదీ విప్పకు. ఆ మూత ఒక్కటి తీసి పెట్టు. అంతే," అంది.

"మూత తీస్తే ఇంజను నడుస్తుందా అమ్మా," అన్నాడాయన, అంటూనే తీశాడు. బుస్సుమంది. ఏం బుస్సు, ముంగిసలు పరిగెత్తుకొచ్చాయనుకో. బ్రహ్మయ్య తాళం తిప్పితే బండి లేచి కూచుంది.

"నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచితే నూనె వస్తుందా? రెండో చిల్లు పెడితేనేగా, గాలి లోపలికి పోయి నూనె బయటికొచ్చేది. ఈ టాంకీకి ఆ రెండో చిల్లేది?" అంది నాంచారమ్మ.

కరీముల్లా మూత తిప్పి తిప్పి చూసి, ఉంటుందమ్మా, మూతలోనే సన్న బెజ్జం ఉంటుంది, ఇక్కడేదో పచ్చగా కప్పేసుంది అన్నాడు. నాంచారమ్మ మొహం ఇంత చిన్నదైంది. తప్పు తనదేనని ఎవరూ అనకముందే, "నా పసుపే" అని చెప్పేసి, గాజులకున్న పిన్నీసు తీసి బెజ్జం తెరుచుకునేదాకా పొడిచింది. ఇంక ఆ బండి ఆగితే ఒట్టు. హోటలు ముందు నుంచి పోతుంటే ఆ గాలికి ఓబులేసు చేతిలో పంతొమ్మిదో దోసె ఎగిరిపోయిందంట.

గుడి ముందుకి చేరేసరికి వెనకే లారీ. బ్రహ్మయ్య సమ్మెట వెతుకుతున్నాడు, దొరకడం లేదు. నాంచారమ్మ ఆగలేదు. ఒక చేత్తో మేకు, ఒక చేత్తో రుబ్బురోలు పొత్రం పట్టుకుని దూకి, ఒక్కటే దెబ్బ. మూడడుగుల మేకు తలదాకా దిగింది. ఓబులేసు వచ్చి, ఆడమనిషి కొట్టిన మేకు చెల్లదని గొడవ. ఊరి పెద్ద యల్లమంద తాత మేకుని కదిపి చూశాడు, కదల్లేదు. "మేకు ముందు దిగాలన్నారు గానీ మీసాలుండాలని మా తాతలెవరూ చెప్పలేదబ్బాయ్," అన్నాడంట.

అదీ సంగతి. రాట్నం గుడి ముందే తిరిగింది, ఓబులేసు కాలవ పక్కకి పోయాడు. అయితే తిరునాళ్ళంతా బ్రహ్మయ్య ఏం చెప్పుకున్నాడో తెలుసా? బండి జబ్బు నేనే కనిపెట్టానని. నాంచారమ్మ పక్కనే టిక్కెట్లు చింపుతూ, అవునవును అందంట. చోటు తన చేతిలో ఉన్నాక మాట ఎవరి నోట్లో ఉంటేనేం. అంత మంచితనం నాకు లేదు గనకనే ఇప్పుడు మీకు చెప్పేశా.