పద్దెనిమిది కిలోల బంగారం

హనుమకొండలో బట్టల దుకాణం నడిపే రాజేశ్వర్ రావు ఇల్లు. మేడారం జాతర ముగిసిన తర్వాతి మంగళవారం పొద్దున. ఆయన భార్య సరస్వతి. కొత్తవాడలో జంపఖానాలు నేసే లచ్చవ్వ.

"కాంటా తప్పు చూపెట్టిందేమోనని నా అనుమానం, సరస్వతమ్మా."

"ఏ కాంటా? ముందు కుర్చీల కూసో లచ్చవ్వా. మోకాలు నొస్తది."

"కూసుంట తియ్యి. మా వాడకట్టు కిరాణం వెంకట్రాజం కాంటా. దాని మీదనే నా మనుమరాలు భవానిని జోకిన. పద్దెనిమిది కిలోలున్నది పోరి. మల్ల అంతే బంగారం జోకిచ్చి, మూటగట్టి నీ చేతుల పెట్టిన."

"ఔను. బెల్లం మంచిగనే ఉండె."

"బెల్లం అనకమ్మా. మొక్కినంక అది బంగారమే."

"బంగారమే. ఛాయ్ పెట్టాల్నా?"

"వద్దు. పోరికి మల్ల జరం వచ్చింది. ఆదివారం మాపటికి."

"మల్లనా? దవాఖానకు తీస్కపోయిండ్రా?"

"మా బిడ్డ సునీత తీస్కపోయింది. మామూలు జరమే అన్నడట డాక్టర్. మామూలు జరమైతే జాతర అయిన తెల్లారే ఎందుకొస్తది? రెండేండ్ల కింద డెంగీతోటి పడి ఉన్ననాడు మొక్కిన. నా మనుమరాలు లేచి నడిస్తే దాని నిలువెత్తు బంగారం ఇస్త తల్లీ అని. లేచింది. ఉరుకుతాంది. ఇప్పుడు నా మొక్కుల ఏదో కొదవ పడ్డది."

"కొదవేం లేదు."

"ఉన్నది. జోకేటప్పుడు పోరి కాళ్ళ కడియాలు తీసిన. పావు కిలో గూడ ఉండయి. కానీ నిలువెత్తు అంటే ఒంటి మీదున్నది గూడ కలుస్తది గద. అమ్మతోటే నేను కిరికిరి చేసినట్టాయె."

"నువ్వు కిరికిరి చేస్తవా? ముప్పై ఏండ్లసంది మా దుకాణానికి జంపఖానాలు ఇస్తానవ్. ఒక్కటన్న జానెడు తక్కువ నేసినవా?"

"అందుకే నిద్ర పడ్తలేదు. సరే, నా సంగతి పక్కకు పెట్టు. నువ్వు గద్దె కాడ ఏం చేసినవో చెప్పు. నీ చేతులతోటే పెట్టినవా, దూరంకెళ్ళి ఇసిరినవా?"

"మస్తు జనం, లచ్చవ్వా."

"జనం ఎప్పుడూ ఉంటరు. గట్టమ్మ కాడ ఆగినవా? మొదలు ఆమెకు మొక్కినంకనే మేడారం పోవాలె."

"హెలికాప్టర్ ఆగదు గద."

"పైకెళ్ళన్న దండం పెట్టినవా?"

"గట్టమ్మ ఏ దిక్కున్నదో ఎర్కకాలే. ఆయన వీడియో తీస్తాండె. ఇర్వై నిమిషాలల్ల దించిండ్రు."

"పోయిన జాతరకు నేను బస్సుల నిలబడి పోయిన. తొమ్మిది గంటలు. జంపన్న వాగుల తానం చేసినవా?"

"నెత్తి మీద చల్లుకున్న. బాటిల్ల పట్టి తెచ్చిచ్చిండ్రు."

"వాగే నీ కాడికి వచ్చిందన్నట్టు."

"ఎక్కిరియ్యకు."

"ఎక్కిరిస్తలేనమ్మా. నా మోకాలు చిప్ప జరగకపోతే నేనే పోయేదాన్ని. నేను అడగనే లేదు. నువ్వే అన్నవ్, నీ బంగారం నేను తీస్కపోత లచ్చవ్వా, నా సొంత మొక్కు లెక్క చూస్త అని. ఆ మాట మా వాడకట్టంత చెప్పుకున్న. చెప్పు మరి. సమ్మక్క గద్దె మీద పెట్టినవా, సారలమ్మ గద్దె మీదనా?"

"హెలికాప్టర్ కాడ గూడ జోకిండ్రు."

"బంగారాన్నా?"

"మమ్మల్ని. ఈడ హెలికాప్టర్ ఎక్కేముందు. ఒక్కొక్కరిని నిలబెట్టి జోకిండ్రు. సామాన్లను గూడ."

"మనుషులను జోకుడేంది?"

"అది లేవాల్నాయె. ఫారంల నేను డెబ్బై అని రాయించిన."

"ఎంతున్నవ్?"

"ఎనభై నాలుగు."

"దుకాణంల కూసునే పని గద. ఉంటరు."

"అందరు ఇనంగ చదివింది ఆడున్న పిల్ల. బరువు ఎక్కువైతాంది మేడం, మీరు దిగుతరా, ఏదన్న సామాన్ దించుతరా అన్నది."

"నువ్వైతే దిగలే."

"దిగలే."

"నా మూట దించినవ్."

"దించిన. డ్రైవర్ బాలరాజుకిచ్చి కార్ల పెట్టించిన."

"మేడారంల దొరుకుతది గద బంగారం. అడుగడుక్కు అమ్ముతరు."

"దొరికింది. మా కోసం ఐదు కిలోలు కొన్నం."

"నాది మర్చిపోయినవ్."

"మర్చిపోయిన అంటే అబద్ధమైతది. యాదికున్నది. ఆయనతోటి అన్న గూడ. పద్దెనిమిది కిలోలు ఎవలు మోస్తరు, గంటలోపట తిరిగి హెలికాప్టర్ ఎక్కాలె అన్నడు. నేను మల్ల మాట్లాడలే."

"ఊఁ."

"ఏమన్న అను లచ్చవ్వా. తిట్టు."

"మూట ఏడున్నది?"

"మా అర్రల. దేవుని పటాల కింద."

"అంటే తప్పు నా కాంటాది గాదు."

"నీది ఏ తప్పు లేదు. ఆదివారమే వచ్చి చెప్పాల్సింది. నీ మొఖం చూడ చాతగాక బాలరాజును పంపిన, ప్రసాదమిచ్చి."

"ఆ ప్రసాదం కండ్లకద్దుకున్నం. మొదలు భవాని నోట్లనే పెట్టిన. మిగిలింది ఇంటింటికి ఇంతింత పంచిన. అదన్న తెచ్చినవ్, గద్దె కాడిది. ఏడుస్తానవా ఏంది? గింత దానికి ఏడుస్తరా?"

"నాకు మనసు మంచిగ లేదు."

"నా మాట ఇను. రేపు బుధారం, తిరుగువారం. అమ్మలకు ఆఖరి పూజ. రేపు గద్దె మీద పెట్టినా మొక్కు మొక్కే. ఆలస్యానికి అమ్మలు కోపం చెయ్యరు."

"నేను గూడ వస్త. కార్ల పోదాం. నీకు కాలు చాపుకొని కూసునేటట్టు ముందటి సీటిస్త. మూట నేనే మోస్త."

"కారెందుకు, బస్సు దొరుకుతది. సునీతను తోలుకపోత. మూట ముట్టకుండ ఉన్నది, అంతే చాలు. ఇచ్చేముందు నాలికకు తాకితే మాత్రం మొక్కు పోయినట్టే. జోకిన నాడు పోరి వేలు పెట్టి నాకబోయింది. చేతి మీద ఒక్కటేసిన. ఏడ్చింది, ఏడ్వనియ్యి అనుకున్న. మూట తెప్పియ్యి. పోతపోత వెంకట్రాజం కాడ మల్లోసారి జోకిచ్చి, కడియాలది పావు కిలో గూడ కలుపుకుంట."

"జోకియ్యకు."

"ఎందుకు?"

"తక్కువుంటది."

"ఎంత?"

"అర కిలో."

"ఎలుకలు పడ్డయా?"

"పడలే."

"మరి ఎవలు తీసిండ్రు?"

"మేం కొన్న ఐదు కిలోలు గద్దె మీదనే పెట్టొచ్చినం లచ్చవ్వా. ఇంటికి ఏం తేలే. ఆదివారం భవానికి పంపింది నీ మూటలదే."