రాతి తోరణం కింద ఇల్లు

కలిగిరి నుంచి టూరిస్టు బస్సులో వచ్చిన అత్తాకోడళ్ళు నేషనల్ పార్కులో పెద్ద రాతి తోరణం ముందు ఆగారు. కోడలి భర్త నీళ్ళ బాటిలు తేవడానికి వెళ్ళాడు.

“ఏందే, కింద కూర్చోని ఏం చేస్తుండావు?”

“చెప్పులో రాయి పడిందత్తా. తీస్తుండా.”

“మూడు పడినాయా? ఒకదాని మీద ఒకటి పేర్చుండావే.”

“ఊరికే పేర్చినా.”

“ఊరికే ఎవరు పేరుస్తారు? కొండకి పోయినోళ్ళు సొంతిల్లు కావాలని మొక్కుకోని పేరుస్తారు. మనకి ఇల్లుండాది గదా.”

“ఉండాదత్తా.”

“మరి ఇది ఎవరికి?”

“ఇది పార్కులే అత్తా. ఇక్కడ మొక్కినా పలికే దేవుడు లేడు.”

“ఇంత రాయి మనిషి చెయ్యి పడకుండా తోరణం మాదిరి నిలబడుండాది. దీన్ని నిలబెట్టినాయన నీ ఇల్లు నిలబెట్టలేడా?”

“కోపం వచ్చిందా అత్తా?”

“కోపమేంది? అడుగు రాయి ఊగతా ఉండాది. చదునుగా ఉండేది చూసి పెట్టు. కూలిపోతే మళ్ళీ నా ఇంట్లోనే ఉండాల మీరు.”

“సరే అత్తా. ఆ పొద పక్కన ఎవరో నాలుగు రాళ్ళు పేర్చుండారు. వాటిల్లో అడుగుది బాగుండాది, తీసుకుంటా.”

“వాటిని ముట్టుకోబాక.”

“ఏమత్తా?”

“అవి నేను పేర్చినవి. ఇందాక మీరిద్దరూ ఫోటోలు దిగతా ఉంటే పేర్చినా.”

“నీకెందుకత్తా ఇంకో ఇల్లు?”

“నాక్కాదు. మీకే.”