తొంభై రెండు ఇళ్ల దోర్కమ్మ గారు

పెద్దలారా, అక్కచెల్లెళ్లారా, ఇందా పేట నుంచి, ఖరిదా పేట నుంచి ఇంత ఎండలో వచ్చిన మిత్రులారా! మన దోర్కమ్మ గారు గురువారం ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. రైల్వే ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లు నర్సుగా చేసిన మనిషి. ఆవిడ లేని మన ఝపటాపూర్ పేట ఎలా ఉంటుందో మనకెవరికీ తెలియదు.

నేను తిమోతిని, రిటైరైన రైల్వే గార్డును. ఒక నిజం ఒప్పుకోవాలి. మన పేట మీదుగా వేస్తామన్న బైపాస్ రోడ్డు గొడవలో నేను ఆవిడ పక్షం కాదు. నా భార్య ఇందా ట్రాఫిక్‌లో, అంబులెన్సులోనే కన్నుమూసింది. ఆ రోడ్డును అడ్డుకునేవాళ్లంటే నాకు మంట.

పద్దెనిమిదేళ్ల కిందట సర్వేవాళ్లు వచ్చి మన గోడల మీద ఎర్రరంగు గుర్తులు వేశారు. కుర్రాళ్లు రాళ్లు అందుకున్నారు. దోర్కమ్మ గారు ఏం చేశారు? సర్వేవాళ్లకు కుర్చీలు వేయించారు, టీ ఇచ్చారు, మ్యాపు చూపించమన్నారు. అందులో మన పేట ఉందా? లేదు! తొంభై రెండు ఇళ్లున్న చోట ఖాళీ స్థలమని రాసుంది.

ఆవిడ డ్రాయింగు షీట్లు అతికించి, ఇంటింటికీ తిరిగి, తన చేత్తో మరో మ్యాపు గీశారు. ప్రతి ఇంటి మీదా ఒక పేరు. విచారణలో అధికారి ముందు అది పరిచి, ఆయనకు అర్థమయ్యేలా బెంగాలీలో పేర్లు చదివారు. చాలన్నారాయన. ఆవిడ ఆపలేదు. తొంభై రెండో పేరు దాకా చదివారు!

ఆ రోజు బయట అందరి ముందూ ఆవిడ మీద అరిచాను. నీ పంతానికి ఇంకెంతమంది చావాలన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. "రోడ్డొద్దని నానెప్పుడన్నాను తమ్ముడూ? మనుసులున్నారు, సూసి ఎయ్యమన్నాను. నీ ఇంటిది పోయిన్నాడు స్ట్రెచర్ పట్టుకొని ఆస్పత్రి గేటుకాడే నిలబడున్నాను. నానేటి మరిసిపోనానా?" అన్నారు.

మర్నాటి నుంచి ఆవిడ అర్జీలు మోసింది నేనే.

చివరికి మ్యాపులో రోడ్డు పక్కకు జరిగింది. మూడిళ్లే పోతాయన్నారు. అందులో ఒకటి ఆవిడది! మళ్లీ పోరాడదామన్నాం. "నా ఇల్లని ఇప్పుడు అడ్డం పడితే, ఇన్నాళ్లూ సెప్పిందంతా ఏటి?" అని, ఇల్లు ఇచ్చేస్తామనే కాగితం మీద మొదటి సంతకం పెట్టేశారు.

బాధ లేదా? ఇల్లు కూల్చిన రోజు మా వరండాలో గోడవైపు తిరిగి కూర్చున్నారు. మంచినీళ్లు కూడా ముట్టలేదు. తెల్లారి మాత్రం మిగతా రెండు కుటుంబాలకు అద్దె ఇళ్లు వెతకడానికి బయల్దేరారు. అప్పటికి తనకే ఇంకా ఇల్లు దొరకలేదు.

అలాంటి మనిషితో పోట్లాడి ఓడిపోయినందుకు నాకు గర్వంగా ఉంది.

ఇక మాటలు చాలు. లేవగలిగినవాళ్లందరూ లేవండి. రెండు నిమిషాలు, దోర్కమ్మ గారి కోసం, మౌనంగా నిలబడదాం.