ఏదో ఒక జబ్బు చెప్పప్పా

రేణిగుంట రోడ్డులో మునెయ్య మెకానిక్ షెడ్డు. కారులో స్టీరింగు ముందు ఫిజిక్స్ లెక్చరరు ధనంజయ. కిటికీ పక్కన మునెయ్య. కారు కింద కొత్తగా చేరిన పనివాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

“ఏం బండప్పా ఇది మునెయ్యా, బంకు కనపడితే సాలు, దానంతట అదే లోపలికి తిరగతా ఉండాది. లీటరుకు పదకొండు.”

“ఇంజను బాగుండాది సార్.”

“బాగుండేదెట్లా? సరిగ్గా సూడు.”

“రెండుసార్లు సూసినా. మీరు ఎట్లా తోల్తారు?”

“అందరూ తోలినట్టే.”

“బయల్దేరేటప్పుడు?”

“కొంచెం గట్టిగా తొక్కుతా. ఎనకాలోళ్లు హారన్ కొడతారు గదా.”

“మళ్లా?”

“మళ్లా ముందర ఆటో వస్తాది. బ్రేకు తొక్కుతా. మళ్లా గట్టిగా...”

“ఏ గేరులో?”

“రెండులో.”

“మూడు, నాలుగు?”

“యాడుండాయో తెలుసులే. అవసరం రాలా.”

“ఎడమకాలు?”

“క్లచ్ మీద. ఇంక యాడ పెట్టేది?”

“సరే. డిక్కీలో ఏముండాది సార్? బండి ఎనకాల కుంగిపోయుండాది.”

“ఏం లేదు.”

“సార్.”

“టైల్స్. ఇల్లు కట్టినప్పుడు మిగిలినవి, పన్నెండు పెట్టెలు, ఎక్కించి మూడు నెల్లయింది. ఇంట్లో పెడితే మా బామ్మర్ది అడగతాడు.”

“అంటే నలుగురు మనుషుల బరువు, మూడు నెల్లుగా. మీరు పిల్లోళ్లకు చెప్పేది ఫిజిక్సే గదా సార్?”

“అది సిలబస్ అప్పా.”

“దించమని మీ డ్రైవరు సుకుమార్ చెప్పలేదా?”

“చెప్పినాడు. టైల్స్ మీద కన్నేసినాడనుకున్నా.”

“ఆయప్ప తోలేటప్పుడు ఎంతొచ్చేది?”

“పద్దెనిమిది.”

“టైల్స్ ఎక్కినాక?”

“పదహారు.”

“అందుకని?”

“డీజిల్ తీసి అమ్ముకుంటా ఉండాడని మాన్పించినా.”

“ఊరికే మాన్పించినారా?”

“కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టినా.”

“పేరుతోనా?”

“ఫోటో గూడా.”

“మళ్లా ఆయప్పను ఎవురూ బండెక్కనీలేదు సార్.”

“తెలుసప్పా. అందుకే అడగతా ఉండా, ఏదో ఒక జబ్బు చెప్పు. ఇంజెక్టరు పోయిందను, ఇంకోటి పోయిందను. ఇంట్లో మా ఆవిడ రాజశ్రీ రోజూ అడగతాది, ‘ఇప్పుడు డీజిల్ ఎవురు అమ్ముకుంటా ఉండారండీ’ అని.”

“తప్పు నాదని గ్రూపులో పెట్టేయండి.”

“మూడొందల మంది ఉండారు మునెయ్యా. నేను అడ్మిన్ని.”

“పోనీ, సుకుమార్‌కన్నా చెప్పండి.”

“కనపడితే చెప్తా. కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటా. యాడుండాడో ఏమో, పాపం.”

“సార్.”

“ఎవురప్పా, కింద?”

“సుకుమార్‌ని సార్. బండి ఆగి అరగంటైనా క్లచ్ తొక్కే ఉండారు. లివరు నా మొహం కాడ ఊగతా ఉండాది. కాలు తీస్తే బయటికొస్తా.”

ధనంజయ ఇంకా కాలు తీయలేదు. అతను తీసేలోపు ముందుగా ఏ మాట అనాలో, మీలో ఇలాంటి పని చేసి బయటపడ్డవారెవరైనా ఉంటే, దయచేసి కాస్త తొందరగా చెప్పండి.