ట్రాక్ మీద నిమ్మకాయ

ఉప్పుగూడ గల్లీలో ట్రాలీ ఆటో మీంచి పాత పాలబండిని దించి, కూతురు గోడకు ఆనించింది. మొదటి బైకు రేసుకని పొద్దున పోయిన పిల్ల మధ్యాహ్నానికే తిరిగొచ్చేసరికి తల్లి గాబరాగా ఎదురొచ్చింది. దాని చేతులూ మోకాళ్లూ తడిమి చూసింది.

“ఏడ తగిలింది బిడ్డా?”

“ఏడ తగల్లే. నన్ను రేసుల నుంచి తీసేసిండ్రు.”

“ఎందుకు? మీ బాపు పాలు పోసిన బండి అనా?”

“కాదమ్మా, ఆడ అందరియి గిట్ల చిన్న ఇంజన్ల పాత బండ్లే. రెండో రౌండ్ల నా బండికెళ్లి ఏదో ఊడి పడ్డది. ఎనక వచ్చే పిలగాడు దాని మీద జారి పడ్డడు. మోచెయ్యి మొత్తం గీరుకపోయింది.”

“ఏం పడ్డది?”

“రేసు ఆపి ఎతికిండ్రు. నిమ్మకాయ, పచ్చి మిరపకాయలు దొరికినయి. ఇవి ఎవరియని మైకుల అడిగిండ్రు. మస్తు నవ్విండ్రు.”

తల్లి బండి వైపు చూడలేకపోయింది. ఆ పొద్దున కూతురు లేవకముందే, దిష్టి తగలొద్దని వాటిని సీటు కింద ఎవరికీ కనబడకుండా తానే కట్టింది.

“ఎవరు కట్టిండ్రని చెప్పినవ్?”

“నేనే కట్టుకున్న అన్న.”

“గట్లెందుకే?”

“నీ పేరు చెప్తే నిన్ను నవ్వుతుండిరి గదా.”

తల్లి గడప పక్కనున్న చెప్పులు వేసుకుంది.

“ఆ పిలగాడు ఏడుంటడు?”

“ఉస్మాన్‌గంజ్‌ల. ఏమైంది?”

“నడువు, పోదాం. నేనే కట్టిన అని వాళ్లమ్మకు చెప్పాలె.”

“ఆమె తిడతదమ్మా.”

“తిట్టనీ. ఆమె గూడ నా లెక్కనే భయపడుకుంట పంపి ఉంటది.”