రెండో బెల్లు

ముందు ఆ స్క్రూలు నోట్లోంచి తియ్యి బావా! మాట్లాడాల్సి వస్తుందని పెదాల మధ్య మూడు స్క్రూలు బిగించుకు కూర్చుంటే నేనేం గోడతో మాట్లాడుకోవాలా? పైగా ఆ ఫ్యానుకి ఏ రోగమూ లేదట. నేను గేటు తీసిన చప్పుడు వినగానే గబగబా విప్పావట. నీ పెళ్లామే చెప్పింది. అవునా అక్కా? చూడు, వంటింట్లో ఎలా నవ్వుతోందో!

సరే, విప్పుకో. ఫ్యాను నీది, చేతులు నీవి. చెవులు మాత్రం కాసేపు నాకియ్యి.

రేపు పొద్దున మన బండికి ఆఖరి ట్రిప్పు. తెలుసుగా? ఆ పాత రూటులోనే ఒక్క చుట్టు తిప్పి, ఆ తర్వాత స్క్రాపుకి పంపేస్తారు. పాత ప్రయాణికులంతా ఎక్కుతారు. మనం రిటైరైనా ఆ ఒక్క ట్రిప్పుకీ డ్రైవరు నేను, కండక్టరు నువ్వు. అదే కదా ముందు అనుకున్న మాట? మరి "నేను రాను, ఇంకెవర్నైనా పెట్టుకోండి" అని కబురు పంపడమేమిటి? ఎవర్ని పెట్టుకోను? కండక్టర్లేమైనా సంతలో కుప్పపోసి అమ్ముతున్నారా?

కోపం వచ్చింది నీకు. రాదా మరి! నాకూ ఒళ్లు మండింది. మొన్న బండికి పెట్టిన వీడ్కోలు సభలో, బస్సు జ్ఞాపకాలు చెప్పండమ్మా అని మైకు చేతికిస్తే ఆ టైలరమ్మ ఏమంది? "నేను వెనకాల పరిగెత్తుకుంటూ వస్తుంటే డ్రైవరుగారు ఠక్కున ఆపేసేవారు, ఎంత మంచి మనసో!" అంది. ఆ లెక్కల మాస్టారు తక్కువ తిన్నాడా? వానొస్తే వాళ్ల వీధి మొగలోనే నేను బండాపేవాణ్ణని కళ్లు తుడుచుకున్నాడు. అందరూ చప్పట్లు.

నీ సంగతి వచ్చేసరికి? "కండక్టరుగారా? అబ్బో! జరగండి, జరగండి అంటూ మా ప్రాణాలు తోడేసేవాడు!" హాలంతా ఒకటే నవ్వు. నువ్వు చెప్పులేసుకుని వెళ్లిపోయావు.

ఏం మనుషులయ్యా! రోడ్డు మీద కళ్లు పెట్టి నడిపేవాణ్ణి, వెనకాల పరిగెత్తేవాళ్లు నాకెలా కనిపిస్తారు? నా వీపుకేమైనా కళ్లున్నాయా? అద్దంలో నాకు కనిపించేది నీ భుజం ఒక్కటే, మెట్టు మీద వేలాడుతూ. నువ్వు తాడు లాగితే నా తల పక్కన బెల్లు టంగుమనేది. ఒకటి కొడితే ఆపేవాణ్ణి, రెండు కొడితే కదిలేవాణ్ణి. ఎందుకు, ఎవరికోసం అని ఒక్కనాడైనా అడిగానా? బ్రేకు తొక్కింది నా కాలే. తొక్కించింది నువ్వు.

ఇక ఆ "జరగండి" గోల! నువ్వు గొంతు చించుకున్నది ఎవరికోసం? వచ్చే స్టాపులో సంచులు పట్టుకుని నిలబడ్డవాళ్లు కాలు పెట్టేంత చోటు కోసం. కిందున్నంతసేపూ "కాస్త జరగమనండి సార్" అని నిన్ను బతిమాలింది వీళ్లే. ఒక కాలు లోపల పడగానే "ఇంకెక్కడ చోటుంది, రైట్ అనవయ్యా!" అని నీ మీద విరుచుకుపడిందీ వీళ్లే. ఇప్పుడేమో మైకు ముందు నవ్వులు!

ఏంటా చూపు? అక్కడ ఉండి నువ్వేం చేశావంటావు, అంతేనా? చెప్పబోయాను బావా. లేచాను. మైకు లాక్కున్నాను. "ఆపింది నేను కాదండీ" అన్నాను. అంతే! ఎంత వినయమో చూశారా అని మళ్లీ చప్పట్లు. ఆ చప్పట్లలో నా తర్వాతి మాట నాకే వినపడలేదు. ఆ పక్కనున్నాయన నా భుజం తట్టి మరీ కూర్చోబెట్టాడు. ఇంక వీళ్లకి ఏం చెప్పను, తల బాదుకోనా?

నీ చెల్లెలు మరోవైపు. "మీరు మా అన్నయ్యని వదిలేసి ఒక్కరే వెళ్లి నడిపి రండి చూద్దాం" అని నిన్న పొద్దున్నే దెప్పింది. నాకు పౌరుషం వచ్చింది. ఎందుకు నడపలేనూ? ఒక్క తిప్పు తిప్పి చూద్దామని డిపోకెళ్లాను.

సీటెక్కాను. స్టార్ట్ చేశాను. అదే దగ్గు, అదే వణుకు! ప్రాణం లేచొచ్చిందనుకో. గేరు వేశాను. కింద నుంచి మెకానిక్కు "పోనివ్వండి బాబాయ్" అని చెయ్యూపాడు. ముందు రోడ్డంతా ఖాళీ, ఓ పిల్లి కూడా అడ్డం లేదు.

క్లచ్ మీంచి కాలు లేవలేదు బావా.

అలాగే కూర్చున్నాను. డిపోలో కుర్రాళ్లు "ఏమైంది బాబాయ్, మర్చిపోయారా?" అని నవ్వుతున్నారు. మర్చిపోవడమేమిటి! గేరు చేతిలోనే ఉంది, రోడ్డు కళ్ల ముందే ఉంది. చెవి మాత్రం ఆ తాడు దగ్గరే ఉండిపోయింది.

పరువు పోతుందని, "క్లచ్ బిగుసుకుపోయిందిరా, చూడండి" అని చెప్పి దిగొచ్చేశాను. పాపం, వాళ్లు దాన్ని మొత్తం విప్పదీసి కూర్చున్నారు, నువ్వీ ఫ్యాను విప్పుకు కూర్చున్నట్టు. దానికేం రోగం లేదు బావా. నాకే. ఈ మాట నీ చెల్లెలికి చెప్పావో, జన్మలో నీ గడప తొక్కను.

వాళ్లెవరికీ తెలియకపోతే పోనీ. నాకు తెలుసుగా? అది చాలదా నీకు? రేపు వచ్చి, ఆ తాడు పట్టుకుని, ఒక్కసారి...

ఏంటది? స్క్రూడ్రైవరుతో ఫ్యాను జాలీ మీద కొట్టావు. ఆ! టంగుమంది! అదీ మాట! ఊ... రెండోది కొట్టు.

కొట్టవేం?

ఒకటేనా? ఒకటంటే... ఆపమని. నోరు ముయ్యమని. అంతేగా?

సరేనయ్యా. ఒకటి కొడితే ఆపడమే నాకొచ్చు. ఆపాను.

అక్కా, రాత్రికి నాకూ వండెయ్యి. రెండోది పడేదాకా నేనిక్కణ్ణుంచి కదలను. కదల్లేను కూడాను.